కొనని కారు

పొద్దున్నే పేపరు రాగానే చిట్టియ్యగారు ముందు చూసేది బ్యారేజీ దగ్గర నీటిమట్టం. ఉద్యోగం దిగిపోయి ఏళ్ళు గడిచినా ఆ అలవాటు పోలేదు. మట్టం చూసి, తనలో తను "ఊఁ" అనుకుని, తర్వాత కార్ల ప్రకటనలు చదువుతారు. అవి కూడా అయ్యాక లుంగీ పైకి ఎగ్గట్టి, బకెట్టుతో నీళ్ళు తెచ్చి షెడ్డు కడుగుతారు. ఇంటి పక్కన రేకుల షెడ్డు అది. కారు కోసం వేయించారు. కారు కొనలేదు. షెడ్డు కడగడం మాత్రం ఒక్క పూట కూడా మానలేదు.

"కారొచ్చేసరికి నేల అరిగిపోద్దండి," అనేది ఆయన భార్య పాపాయమ్మ, కాఫీ గ్లాసు గట్టు మీద పెడుతూ.

"అరగనీ. మళ్ళీ గచ్చు చేయిద్దాం."

చిట్టియ్యగారు ధవళేశ్వరం లాకుల దగ్గర సూపరింటెండెంటుగా చేశారు. లాకు పని చూసినవాళ్ళకి ఆయన స్వభావం గురించి వేరే చెప్పక్కర్లేదు. ఎగువ కాలువ ఎత్తులో ఉంటుంది, దిగువది పల్లంలో ఉంటుంది, మధ్యలో తొట్టి. పడవ తొట్టిలోకి వచ్చాక వెనక తలుపు మూసేసి, నీళ్ళు మెల్లగా వదిలి, మట్టం కలిసేదాకా ఆగి, అప్పుడు ముందు తలుపు తీయాలి. రెండు తలుపులూ ఒక్కసారి తీశారంటే పడవ సంగతి దేవుడెరుగు. పెళ్ళివారి పడవైనా, పెద్ద ఆఫీసరుగారి లాంచీ అయినా, పడవవాళ్ళు గొంతు చించుకున్నా ఆయన తొందరపడిన పాపాన పోలేదు. "మట్టం కలవాలి," అనేవారు. ఉద్యోగం అంతా అదే మాట అని అని, చివరికి చొక్కా కొనడానికి వెళ్ళినా అదే అనే మనిషి అయిపోయారు. "ధర ఇంకా దిగుద్ది, మట్టం కలవనీ," అని, క్రిస్మసుకి కూడా పాత చొక్కాతోనే చర్చికి వచ్చేవారు.

పాపాయమ్మకి పెట్రోలు వాసన పడదు. పడదంటే కొంగు అడ్డం పెట్టుకుంటే సరిపోయే రకం కాదు. ఆవిడ పుట్టిల్లు పాలకొల్లు. పెళ్ళికూతురై గూటిపడవలో కాలువ మీద వచ్చింది. ఆ రోజుల్లో రాకపోకలన్నీ పడవల మీదే కాబట్టి ఇబ్బంది తెలియలేదు. తర్వాత పడవలు ఆగిపోయాయి, బస్సులొచ్చాయి. మొదటిసారి బస్సెక్కిన రోజున వేమగిరి దాటకుండానే కడుపులో ఉన్నదంతా కక్కేసి కళ్ళు తేలేసింది. కండక్టరు దింపి, రోడ్డు పక్కన నీడలో పడుకోబెట్టి, బస్సు పోనిచ్చేశాడు. రైలు కూడా ఎక్కించి చూశారు. నిడదవోలులో డీజిలు ఇంజను తగిలించగానే ఆవిడ దిగిపోయింది. ఇక మిగిలినవి కాలినడక, రిక్షా. రిక్షా మీద పాలకొల్లు ఎవరు వెళ్తారు?

పాలకొల్లులో ఆవిడ అక్క దేవకుమారి ఉంది. తల్లి పోయాక పాపాయమ్మని పెంచింది ఆ అక్కే. మోకాళ్ళ నొప్పులతో ఆవిడా గడప దాటలేని మనిషి అయిపోయింది. ఎవరు ఇటు వచ్చినా ఆవిడ అరిసెలు పంపేది, ఎవరు అటు వెళ్ళినా ఈవిడ మాగాయ పంపేది. ఫోనులో మాట్లాడుకునేవారు. ధరలతో మొదలుపెట్టి ఏడుపుతో ముగించేవారు.

"అక్కని ఒక్కసారి చూడాలండి." పాపాయమ్మ మొగుణ్ణి అడిగిన కోరిక ఇదొక్కటే. పిల్లల్లేని ఇల్లు. ఇంకేం అడిగినా తెచ్చి పెట్టేవారే. ఆవిడ ఇంకేమీ అడగలేదు.

ఉద్యోగం దిగిపోగానే చిట్టియ్యగారు ఆ కోరిక తీర్చాలనుకున్నారు. సొంత కారైతే అద్దాలు దించుకోవచ్చు, ఎక్కడంటే అక్కడ ఆపుకోవచ్చు, పడుతూ లేస్తూ అయినా చేరవచ్చు. ముందు షెడ్డు వేయించారు. రాజమండ్రిలో కార్ల షోరూములో పనిచేసే మేనల్లుడు రమేష్ బాబు రంగురంగుల కాగితాలు తెచ్చి అరుగు మీద పరిచాడు. అంతా కుదిరిపోయిందనుకుంటుండగా పేపర్లో ఒక వార్త పడింది. జపానులో పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే కారు వచ్చిందట. బ్యాటరీ మీద ఉన్నంతసేపు పొగ లేదట, చప్పుడు లేదట, వాసన లేదట. దాన్ని హైబ్రిడ్ కారు అంటారట.

"హైబ్రిడ్ కొబ్బరి విన్నాం, హైబ్రిడ్ వంకాయ విన్నాం. కారు కూడానా అన్నయ్యగారూ?" అంది పక్కింటి అచ్చాయమ్మ.

"మా ఆవిడ కోసమే కనిపెట్టినట్టున్నారమ్మా," అన్నారు చిట్టియ్యగారు. ఆ వార్త అప్పటికే కత్తిరించి జేబులో పెట్టుకున్నారు.

రమేష్ బాబు నెత్తి కొట్టుకున్నాడు. "మావయ్యా, అది మన దేశం ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. వచ్చినా మొదట్లో మన చేతికి అందదు. ఇప్పుడు ఇది తీసేసుకోండి. అదొచ్చినప్పుడు మార్చుకుందురుగాని."

"ఒక తలుపు తీసి ఉండగా రెండోది తీయకూడదురా. అది రానీ, ధర దిగనీ. కొంటే ఆ బండే కొంటాను."

ఆయన ఆ మాట అన్న మర్నాటి నుంచి ఆ కారు షెడ్డులోకి వచ్చి ఉండటం మొదలుపెట్టింది.

కంటికి కనబడేది కాదు. కడిగిన గచ్చు మీద చక్రాల తడి గుర్తులు పడేవి. కోళ్ళు షెడ్డు మధ్యలోంచి పోకుండా చుట్టూ తిరిగి పోయేవి. పిల్లి వచ్చి నేలకి రెండు మూరల ఎత్తున, బానెట్టు మీద, కాళ్ళు ముడుచుకుని పడుకునేది. పేపరబ్బాయి సైకిలు దానికి ఆనించబోతే పాపాయమ్మ కేకలేసేది, గీతలు పడతాయని. చర్చి పాస్టరుగారు దారినపోతూ ఆగి, బండి మీద చెయ్యి వేసి ప్రార్థన చేసి, టీ తాగి వెళ్ళారు.

తలుపు మొదట తీసింది పాపాయమ్మే. ఒకనాడు మధ్యాహ్నం అన్నం తిన్నాక షెడ్డులోకి వెళ్ళి, చెయ్యి చాపి, ఎక్కి కూర్చుంది. మెత్తటి సీటు, చల్లటి గాలి, ఏ వాసనా లేదు. బండి తనంతట తను బయల్దేరి, గేటు దాటి, కాలువ గట్టు మీద చప్పుడు లేకుండా పోయింది. ఆ సాయంత్రం ఆవిడ కడియం నర్సరీల నుంచి కనకాంబరం మొక్క పట్టుకుని వచ్చింది. ఆ తర్వాత రోజూ వెళ్ళేది. ఒక్కోసారి అచ్చాయమ్మని ఎక్కించుకుని కోరుకొండ వెళ్ళేది. అచ్చాయమ్మ మెట్లెక్కి నరసింహస్వామిని చూసుకుని దిగి వచ్చేదాకా పాపాయమ్మ కింద బండిలో కూర్చుని కీర్తనలు పాడుకునేది.

చిట్టియ్యగారికి మాత్రం ఆ బండి అందలేదు. ఆయన చెయ్యి వేస్తే చెయ్యి గాలిలోకి పోయేది. కొనాల్సిన మనిషికి కొనకుండా ఎలా అందుతుంది? అందుకే నడిపే సీటు ఎప్పుడూ ఖాళీ. పాపాయమ్మ పక్క సీటులో కూర్చుని వెళ్ళేది. చిట్టియ్యగారు సాయంత్రం గేటు దగ్గర నిలబడేవారు. పొద్దు వాలేసరికి బండి వచ్చేది. భార్య దిగి, చూసిందంతా చెబుతుంటే, ఆయన వింటూ, "నిజం బండి రానీ, ఇద్దరం వెళ్దాం," అనేవారు.

పాలకొల్లు వెళ్ళాలంటే జొన్నాడ దగ్గర గౌతమి మీద వంతెన దాటాలి. బండి అక్కడిదాకా పోయేది. వంతెన మొదట్లో ఆగేది. ఇంటి దగ్గర ఎదురుచూసే మనిషి ఉన్నాడు కదా, వెనక్కి తిరిగేది.

ఒక ఏడాది రమేష్ బాబు మంచి బండి ఒకటి బేరానికి వచ్చిందని, ఎవరో డాక్టరుగారు వాడినదని, మావయ్యని ఒప్పించి అడ్వాన్సు ఇప్పించాడు. అదే పూట షెడ్డులోని కారు జొన్నాడ దగ్గర ఆగలేదు. వంతెన ఎక్కేసింది. పాపాయమ్మ కింద గోదారి చూసుకుంది, ముందు రావులపాలెం చెట్లు చూసింది, భయపడింది. "ఆపమ్మా, ఆయనకి చెప్పలేదు," అని సీటు పట్టుకుంటే ఆగింది. ఆవిడ దిగింది. బండి మళ్ళీ ఆవిడ కోసం చూడకుండా ముందుకే పోయింది. పాపాయమ్మ వంతెన మీద నడుచుకుంటూ వెనక్కి వచ్చి, రిక్షా మాట్లాడుకుని, ఇంట్లో దీపం పెట్టే వేళకి చేరింది. చిట్టియ్యగారు ఇంకా గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. మర్నాడే వెళ్ళి అడ్వాన్సు వెనక్కి తెచ్చేసుకున్నారు. సాయంత్రానికి షెడ్డులో పిల్లి మళ్ళీ గాలిలో పడుకుంది.

ఎదురుచూసే మనిషి ఉన్నంతకాలమే ఆ బండి ఇంటికి వస్తుందని అందరికీ తెలిసింది. చిట్టియ్యగారు ఇక ఏ బండి వైపూ చూడలేదు. హైబ్రిడ్ కారు హైదరాబాదు వచ్చిందని పేపర్లో వేసినప్పుడు వీధి వీధంతా ఆయన్ని అభినందించింది. ధర చూసి ఆయన పేపరు మడిచేశారు. "దిగుద్ది. ఇంకో ఏడాది చూద్దాం." ఆ ఏడాది అయ్యాక ఇంకో మాట వినబడింది, పన్ను తగ్గిస్తారని. "చూద్దాం." ఆయన తల పూర్తిగా నెరిసింది. పాపాయమ్మ గాజులు మోచేతి దాకా జారడం మొదలుపెట్టాయి. ఆయన మీద కోపం తెచ్చుకోవడం మాత్రం ఎవరివల్లా కాలేదు. భార్య కోసమే ఆగుతున్న మనిషిని ఏమనగలం?

ఆ ఎండాకాలంలో రూబీ ఫోను చేసింది. దేవకుమారి కూతురు.

"పిన్నీ, అమ్మకి బాగోలేదు. ఆస్పత్రిలో ఇంటికి తీసికెళ్ళిపోమన్నారు. మంచినీళ్ళు కూడా దిగట్లేదు. పాపా వచ్చిందా, పాపా వచ్చిందా అని తలుపు వైపే చూస్తోంది."

పాపాయమ్మ ఫోను పెట్టేసి, "ట్యాక్సీ పిలవండి. చస్తే చచ్చాను," అంది. పిలిచారు. ముక్కుకి నిమ్మకాయ పట్టుకుని కూర్చుంది. మళ్ళీ వేమగిరి దాటలేదు. ఈసారి స్పృహ రావడానికి సెలైను పెట్టాల్సి వచ్చింది. ఈ వయసులో ఇంకోసారి ఇలాంటి పని చేస్తే నాకు సంబంధం లేదని డాక్టరు చిట్టియ్యగారిని చివాట్లు పెట్టాడు.

మర్నాటి నుంచి ఆవిడ పొద్దున్నే షెడ్డులోకి వెళ్ళేది. సాయంత్రం వచ్చేది. ఏం చూసిందో చెప్పేది కాదు. మూడు నాలుగు రోజులు చూసి చిట్టియ్యగారే అడిగారు, "ఎక్కడికి వెళ్తున్నావు?"

"జొన్నాడ దాకా. వంతెన మొదట్లో కూర్చుంటున్నాను. అది దాటట్లేదండి. మీరు ఇక్కడ నిలబడి ఉంటున్నారుగా."

ఆయన గేటు వైపు చూశారు.

"మీరు దాని కోసం ఎదురుచూడటం మానెయ్యండి," అంది.

"మానెయ్యమంటే ఎలా మానను?"

"ఏదో ఒక కారు కొనెయ్యండి."

"పాపా, ధర తగ్గుతోందని మొన్నే పేపర్లో వేశాడు. ఒక్క నెల ఆగు. నిజం బండే తెస్తాను. ముందు సీట్లో ఇద్దరం కూర్చుని..."

"అక్కకి నెల లేదండి. ఎవరి కోసమండీ ఈ ఆగడం? నా కోసం అన్నారు. నేనే చెబుతున్నాను కదా, ఇక వద్దని." ఆవిడ అంత గట్టిగా మాట్లాడటం ఆయన అంతకు ముందు వినలేదు.

"అది తిరిగి రాదు," అన్నారాయన.

"తిరిగి రావడం సంగతి తర్వాత చూద్దాం."

"చూద్దాం" అన్న ఆ మాట ఆయనదే. ఆ పూట అన్నం సహించలేదు. మజ్జిగ తాగి పడుకుని, పైకప్పు చూస్తూ ఉండిపోయారు.

పొద్దున పేపరు విప్పలేదు. రమేష్ బాబుకి కబురు చేసి, తెల్ల చొక్కా తొడుక్కుని, రాజమండ్రి వెళ్ళారు. షోరూములో సిద్ధంగా ఉన్న ఒక తెల్ల బండి చూపించాడు మేనల్లుడు. "రంగు చూడండి మావయ్యా. ఎరుపు కావాలంటే వారం ఆగితే..." అన్నాడు అలవాటుగా.

"ఆగను. ఇదే," అన్నారు చిట్టియ్యగారు. కాగితాలు ముందు పెట్టారు. కలం తీసుకుని, మళ్ళీ బల్ల మీద పెట్టి, "నీ ఫోను ఇలా ఇయ్యరా," అన్నారు.

ఇంటి ఫోను అచ్చాయమ్మ ఎత్తింది.

"మీ వదిన ఎక్కడుందమ్మా?"

"షెడ్డులో ఉందండి. బండెక్కి కూర్చుంది."

"నేను సంతకం పెట్టబోతున్నానని చెప్పు. దిగుతుందేమో అడుగు."

అచ్చాయమ్మ చెప్పుల చప్పుడు దూరమై, మళ్ళీ దగ్గరైంది. ఈలోగా రమేష్ బాబు నీళ్ళు తెప్పించాడు. చిట్టియ్యగారు ముట్టుకోలేదు.

"దిగనంటోందన్నయ్యగారూ. పట్టుచీర కట్టుకుంది. మాగాయ జాడీ ఒళ్ళో పెట్టుకుంది. పెట్టెయ్యమంటోంది సంతకం. మీరు ఆ బండేసుకుని వెనకాల రండి అంటోంది."

ఆయన ఫోను చెవి దగ్గరే ఉంచుకున్నారు. సంతకం పెట్టకపోతే ఆవిడ సాయంత్రానికి ఇంటికి వస్తుంది. కనకాంబరాలకి నీళ్ళు పోస్తుంది, చారు పెడుతుంది, జీవితాంతం పక్కనే ఉంటుంది. పాలకొల్లులో ఆ అక్క తలుపు వైపు చూస్తూ చూస్తూ పోతుంది. ఇంత తెలిసి ఆవిడ మొహం ఎలా చూడాలో చిట్టియ్యగారికి తెలియలేదు. షోరూము కుర్రాళ్ళు చూస్తున్నారని కూడా చూసుకోకుండా కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. కలం తీసి సంతకం పెట్టారు.

ఫోనులో అచ్చాయమ్మ, "గేటు తెరుచుకుందండి," అంది. కాసేపటికి, "వెళ్ళిందండి," అంది.

కొత్త బండి రమేష్ బాబు నడిపాడు. సీట్ల మీద ప్లాస్టిక్కు తీయలేదు. జొన్నాడ వచ్చాక చిట్టియ్యగారు అద్దం దించి వంతెన పొడుగునా చూశారు. ఇసుక లారీలు తప్ప ఏమీ లేవు. రావులపాలెం దగ్గర రోడ్డు పనులని ఆపేశారు. చించినాడ వంతెన దాటి పాలకొల్లు చేరేసరికి దీపాలు పెట్టేశారు.

రూబీ గుమ్మంలోనే నిలబడి ఉంది. లోపల మంచం ఖాళీ. దుప్పటి మడత పెట్టి ఉంది.

"పిన్ని భోజనాల వేళకే వచ్చేసింది బాబాయ్," అంది రూబీ. "అమ్మ తల ఒళ్ళో పెట్టుకుంది. ఇద్దరూ ఏం చెప్పుకున్నారో, ఒకటే నవ్వులు. మాగాయ కలిపి ముద్దలు పెడితే అమ్మ తింది. ఎన్నాళ్ళ నుంచో నీళ్ళు దిగని మనిషి తింది బాబాయ్. చల్లబడ్డాక, బయట బండి ఉందక్కా, కాసేపు తిరిగొద్దాం రా అంది పిన్ని. అమ్మ లేచి, తనే నడిచి వెళ్ళి ఎక్కింది."

"ఎటు?"

"నరసాపురం వైపు. చిన్నప్పుడు ఎప్పుడో చూసిన సముద్రం చూడాలంది అమ్మ."

"మీరెవరూ ఆపలేదా?" అన్నాడు రమేష్ బాబు.

"ఎందుకాపుతాం? ఇన్నాళ్ళకి కలిశారు," అంది రూబీ. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చిట్టియ్యగారు వీధిలోకి వచ్చి, నరసాపురం వైపు తిరిగి నిలబడ్డారు. ధవళేశ్వరంలో గేటు దగ్గర నిలబడినట్టే నిలబడ్డారు. కానీ కొనేసిన మనిషి మళ్ళీ కారు కోసం ఎదురుచూడలేడు. ఇప్పుడు ఆయన ఎదురుచూస్తున్నది పాపాయమ్మ కోసం. అది ఆ బండికి తెలిసే దారి లేదు. ఎదురుగా సైకిళ్ళు వచ్చాయి, గడ్డి మోపులతో ఆడవాళ్ళు వచ్చారు, చివరి బస్సు వచ్చి వెళ్ళింది. మెట్ల మీద కూలబడ్డారు.

రూబీ పక్కన కూర్చుంది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, "దారిలో వాంతి అయిందటా అమ్మా? మొహం ఎలా ఉంది?" అని అడిగారు.

"తేటగా ఉంది బాబాయ్. పెళ్ళికొచ్చిన మనిషిలా ఉంది."

అప్పుడు చిట్టియ్యగారు పైకే ఏడ్చారు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. లోపల్నించి రమేష్ బాబు ఫోను పట్టుకుని వచ్చి ఆయన చేతికిచ్చాడు.

"అన్నయ్యగారూ, నేను అచ్చాయమ్మనండి. వదిన చేరిందా?"

"చేరిందమ్మా," అన్నారు. "దారిలో ఏ ఇబ్బందీ పడలేదట."